చట్టం లేని కట్టడి: కెనడా పార్టీల్లో విధేయత, ధిక్కారం

సంక్షిప్తంగా: కెనడాలో ఫిరాయింపుల నిరోధక చట్టం లేదు. విప్‌ను ధిక్కరించినా, పార్టీ మారినా సభ్యత్వం పోదు. అయినా అక్కడి పార్లమెంటు సభ్యులు నూటికి తొంభై తొమ్మిదికి పైగా సార్లు పార్టీ చెప్పినట్టే ఓటేస్తారు. వారిని పట్టి ఉంచేవి టికెట్ మీద నాయకుడి సంతకం, సభలో మాట్లాడేవారి జాబితా, మంత్రి పదవి ఆశ. ఓటు రూపంలో బయటికి రాని అసమ్మతి లోపలే పేరుకుని, చివరికి నాయకుడి పదవికే ఎసరు పెడుతుంది. సభలు చిన్నవైన ప్రావిన్సుల్లో (మన రాష్ట్రాల లాంటివి) ఇది మరీ తరచు.

2025 నవంబరు 17న ఒట్టావాలోని కామన్స్ సభలో (పార్లమెంటు దిగువ సభ) ప్రధాని మార్క్ కార్నీ లిబరల్ ప్రభుత్వ తొలి బడ్జెట్ 170–168 ఓట్లతో గట్టెక్కింది. ఓడిపోయి ఉంటే, ఏప్రిల్‌లోనే ఎన్నికలు జరుపుకొన్న దేశం ఏడాది తిరగకుండా మళ్లీ పోలింగ్ కేంద్రాలకు వెళ్లవలసి వచ్చేది. సభ బలం 343. స్పీకర్‌ను మినహాయిస్తే ఆ రోజు నలుగురి ఓట్లు పడలేదు. వారిలో ఇద్దరు కన్సర్వేటివ్‌లు, ఇద్దరు న్యూ డెమొక్రాట్లు. ఆ నలుగురూ వ్యతిరేకంగా ఓటేసి ఉంటే లెక్క 172–170గా తిరగబడి ప్రభుత్వం కూలేది.

ఓటేయకపోవడమంతా ధిక్కారమేమీ కాదు. ఏడుగురే మిగిలిన న్యూ డెమొక్రటిక్ పార్టీకి (ఎన్‌డీపీ) బడ్జెట్ నచ్చలేదు, ఎన్నికలకు వెళ్లే ఓపికా లేదు. అందుకే అయిదుగురు వ్యతిరేకించగా ఇద్దరు తటస్థంగా ఉండిపోయారు. అసలు ధిక్కారం దానికి పదమూడు రోజుల ముందే, బడ్జెట్ ప్రవేశపెట్టిన నాడే జరిగింది. నోవా స్కోషియాకు చెందిన కన్సర్వేటివ్ సభ్యుడు క్రిస్ డాంట్రిమాంట్ ఆ రోజు లిబరల్ పక్షంలో చేరారు. డిసెంబరులో టొరంటో పక్కనున్న మార్కమ్ ప్రాంత సభ్యుడు మైఖేల్ మా అదే బాట పట్టారు. ఎన్నికల్లో 169 స్థానాలు తెచ్చుకున్న లిబరల్ పార్టీ, ఒక్క ఉప ఎన్నికైనా గెలవకుండానే ఆ ఏడాది చివరికి 171కి చేరింది. సంపూర్ణ ఆధిక్యానికి కావలసినవి 172.

వీరిద్దరూ రాజీనామా చేయలేదు. అనర్హత పిటిషన్ ఎవరూ వేయలేదు, వేయడానికి అక్కడ అలాంటి చట్టమే లేదు.

సీటు ఎవరిది?

ఫెడరల్ (దేశ స్థాయి) ఎన్నికల బ్యాలెట్ పత్రంపై అభ్యర్థి పేరు పక్కన పార్టీ పేరు కనిపించడం 1972లోనే మొదలైంది. అప్పటివరకు ఓటరు ఎన్నుకున్నది కాగితం ప్రకారం ఒక మనిషిని. సీటు ఆ మనిషిదే అన్న భావన నేటికీ మారలేదు. సభలో అధికార, ప్రతిపక్షాలు ఎదురెదురుగా కూర్చుంటాయి. పార్టీ మారే సభ్యుడు మధ్యలోని నడవా దాటి అవతలి బల్లల వైపు వెళతాడు. ‘ఫ్లోర్ క్రాసింగ్’ అన్న పేరు అలా వచ్చింది.

భారత రాజ్యాంగంలోని పదో షెడ్యూలుకు అలవాటుపడిన తెలుగు పాఠకులకు ఇది వింతగానే ఉంటుంది. 1985 నాటి ఆ సవరణ ప్రకారం విప్‌ను ధిక్కరించి ఓటేసినా, పార్టీని స్వచ్ఛందంగా వదిలినా సభ్యత్వం పోవాలి. అమలు ఎలా ఉందన్నది వేరే సంగతి. తెలంగాణలో పార్టీ మారారన్న ఆరోపణ ఎదుర్కొంటున్న పది మంది భారత రాష్ట్ర సమితి ఎమ్మెల్యేల విషయం మూడు నెలల్లో తేల్చాలని 2025 జులై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌కు చెప్పవలసి వచ్చింది. చట్టం ఉన్నచోట ఫిరాయింపులు ఆగలేదు, చట్టం లేనిచోట అవి వెల్లువెత్తనూ లేదు.

కెనడాలో అలాంటి చట్టం కోసం ప్రయత్నాలు జరగకపోలేదు. పార్టీ మారేవారు ఉప ఎన్నికకు వెళ్లాలంటూ ఎన్‌డీపీ సభ్యులు కామన్స్ సభలో పలుమార్లు బిల్లులు పెట్టారు, ఒక్కటీ నెగ్గలేదు. మానిటోబా ప్రావిన్సు 2006లో ఒక మధ్యేమార్గం చట్టం చేసింది. సొంత పక్షాన్ని వదిలినవారు ఆ సభాకాలం ముగిసేదాకా స్వతంత్రులుగా కూర్చోవాలి తప్ప మరో పక్షంలో చేరరాదన్నది దాని సారం. 2018లో దాన్నీ రద్దు చేశారు.

ఫ్లోర్ క్రాసింగ్ ఓటర్లకు కోపం తెప్పించిన సందర్భాలూ ఉన్నాయి. 2006 జనవరి 23న వాంకూవర్ కింగ్స్‌వే నుంచి లిబరల్‌గా గెలిచిన డేవిడ్ ఎమర్సన్, సరిగ్గా రెండు వారాలకు, ఫిబ్రవరి 6న, స్టీఫెన్ హార్పర్ కన్సర్వేటివ్ మంత్రివర్గంలో ప్రమాణం చేశారు. నియోజకవర్గంలో నిరసనలు చెలరేగాయి, పదవి మాత్రం నిలిచింది. అంతకు ముందు ఏడాది బెలిండా స్ట్రోనాక్ కన్సర్వేటివ్‌ల నుంచి లిబరల్ మంత్రివర్గంలోకి దూకిన రెండు రోజులకే పాల్ మార్టిన్ ప్రభుత్వం 152–152 సమాన ఓట్ల మధ్య స్పీకర్ పీటర్ మిలికెన్ నిర్ణాయక ఓటుతో బతికిపోయింది. ప్రభుత్వం వైపు పడిన ఆ 152 ఓట్లలో ఒకటి చక్ కాడ్మన్‌ది. కన్సర్వేటివ్ టికెట్ దక్కక స్వతంత్రుడిగా గెలిచిన మనిషి ఆయన.

ఒట్టావా బీ-ఫారం

చట్టం లేకపోయినా సభ్యులు గీత దాటకపోవడానికి పెద్ద కారణం 1970 నాటి ఎన్నికల చట్ట సవరణ. బ్యాలెట్ మీద పార్టీ పేరు వేయాలంటే, ఆ పార్టీ అసలు అభ్యర్థి ఎవరో ఎన్నికల అధికారికి తెలియాలి. ఒకే నియోజకవర్గంలో ఇద్దరు తామే అసలైన అభ్యర్థులమని వస్తే ఎవరిని నమ్మాలి? పార్టీ నాయకుడు సంతకం చేసినవారిని నమ్మాలని తేల్చారు. ఇదంతా గుమాస్తా స్థాయి ఏర్పాటు. దాని పర్యవసానం మాత్రం పెద్దది. అప్పటివరకు స్థానిక పార్టీ సంఘం చేతిలో ఉన్న టికెట్, ఆ రోజు నుంచి నాయకుడి కలం కిందికి వెళ్లింది. తెలుగు రాజకీయాల్లో బీ-ఫారం చేసే పనిని అక్కడ ఆ సంతకం చేస్తుంది.

సవరణ వచ్చిన నాలుగేళ్లకే దాని పదును తెలిసింది. 1974లో మాంక్టన్ మేయర్ లియోనార్డ్ జోన్స్ స్థానిక ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్ (నేటి కన్సర్వేటివ్ పార్టీ పూర్వరూపాల్లో ఒకటి) సభ్యుల మద్దతుతో అభ్యర్థిత్వం గెలుచుకున్నారు. ఇంగ్లిషు, ఫ్రెంచి భాషలకు సమాన హోదా ఇవ్వడాన్ని ఆయన బాహాటంగా వ్యతిరేకించేవారు. నాయకుడు రాబర్ట్ స్టాన్‌ఫీల్డ్ సంతకం చేయనన్నారు. జోన్స్ స్వతంత్రుడిగా పోటీ చేసి గెలిచారు, స్టాన్‌ఫీల్డ్ పార్టీ దేశమంతటా ఓడింది. సూత్రం కోసం వాడిన అధికారంగా ఈ ఉదంతాన్ని నేటికీ మెచ్చుకుంటారు. అదే కలంతో ప్రశ్నించేవారిని పక్కన పెట్టడమూ సులువే. 2014లో లిబరల్ నాయకుడు జస్టిన్ ట్రూడో, గర్భస్రావ హక్కుపై ఓటింగ్ వస్తే పార్టీ వైఖరికి కట్టుబడతామని అంగీకరించేవారికే ఇకపై లిబరల్ టికెట్ అని ప్రకటించారు. ఆ వైఖరితో ఏకీభవించినా, నిర్ణయం ఎవరు ఎలా తీసుకున్నారన్నది గమనించదగ్గది.

2015లో వచ్చిన సంస్కరణ చట్టం ఈ సంతకం నాయకుడిదే అయి ఉండాలన్న నిబంధనను తొలగించింది. పార్టీ నియమించిన ఎవరైనా చేయవచ్చు. ఆ నియామకమూ పార్టీ కేంద్ర కార్యాలయంలోనే జరుగుతుంది కనుక వాస్తవంలో పెద్దగా మారిందేమీ లేదు.

ఓటుకు ముందే ముగిసే చర్చ

సభ జరిగే వారాల్లో ప్రతి బుధవారం ఉదయం పార్టీల పార్లమెంటరీ పక్షాలు తలుపులు మూసుకుని సమావేశమవుతాయి. దీన్నే కాకస్ అంటారు. తిట్టుకోవడాలు, కన్నీళ్లు, బెదిరింపులు అన్నీ అక్కడే. లోపలి మాట బయటికి పొక్కకూడదన్నది అలిఖిత నియమం. ఓటింగ్ లెక్కలు మాత్రమే చూసి కెనడా ఎంపీలకు సొంత అభిప్రాయాలు లేవనుకుంటే పొరపాటు. వారి అసమ్మతి రికార్డుకెక్కే చోట జరగదు, అంతే.

విప్ చేతిలో ఉన్న పనిముట్లు చిన్నవిగానే కనిపిస్తాయి. ఏ కమిటీలో ఎవరుండాలి, విదేశీ పర్యటనకు ఎవరు వెళ్లాలి, ప్రశ్నోత్తరాల సమయంలో ఎవరు లేవాలి వంటివన్నీ పార్టీయే నిర్ణయిస్తుంది. ఒకప్పుడు ప్రశ్న అడగదలచిన సభ్యుడు లేచి నిలబడి స్పీకర్ దృష్టిలో పడితే చాలు. 1980ల తొలినాళ్లలో స్పీకర్ జాన్ సోవే హయాంలో పార్టీలిచ్చే జాబితా ప్రకారం పిలవడం మొదలై, క్రమంగా అదే ఆనవాయితీ అయింది. 2013లో కన్సర్వేటివ్ ఎంపీ మార్క్ వరావా, తనను సభలో ప్రకటన చేయనీయకుండా సొంత పార్టీయే జాబితా నుంచి తీసేసిందని స్పీకర్‌కు ఫిర్యాదు చేశారు. లేచి నిలబడే హక్కు సభ్యులకు ఎప్పుడూ ఉందని, జాబితా తనను కట్టిపడేయదని స్పీకర్ ఆండ్రూ షీర్ రూలింగ్ ఇచ్చారు. హక్కు ఉందని తేలినా దాన్ని వాడుకోవడానికి లేచేవారు అరుదే.

బ్రిటన్‌తో పోల్చితే తేడా తెలుస్తుంది. రెండు దేశాలదీ ఒకే పార్లమెంటరీ వంశం. కానీ 2003లో ఇరాక్ యుద్ధంపై టోనీ బ్లెయిర్‌ను 139 మంది సొంత లేబర్ ఎంపీలు ధిక్కరించారు. 2019 జనవరిలో థెరిసా మే బ్రెగ్జిట్ ఒప్పందాన్ని 118 మంది సొంత కన్సర్వేటివ్‌లు తిరస్కరించారు. కెనడాలో ఆ స్థాయి తిరుగుబాటు ఊహకందదు. బ్రిటన్ సభలో 650 మంది ఉంటారు. ఎన్నటికీ మంత్రులు కాలేమని తెలిసినవారు, ఒకసారి అయి దిగిపోయినవారు వెనుక బెంచీల్లో వందల మంది. వారికి పోయేదేమీ లేదు. ఒట్టావాలో అధికార పక్షమంటే 160, 170 మంది. అందులో మంత్రులను, పార్లమెంటరీ కార్యదర్శులను, కమిటీ అధ్యక్షులను తీసేస్తే మిగిలేవారు కొద్దిమంది. ఆ కొద్దిమందికీ వచ్చే మంత్రివర్గ విస్తరణ మీద ఆశ.

విధేయతను పూర్తిగా భయానికే అంటగట్టడమూ సరికాదు. చాలా నియోజకవర్గాల్లో ఓటు పడేది పార్టీకి, నాయకుడికి. తనను గెలిపించినది తన ముఖం కాదని ఎంపీకీ తెలుసు. బడ్జెట్ ఓడితే ప్రభుత్వమే పోయే విధానంలో, ప్రతి బిల్లుపైనా మనస్సాక్షి ఓటు వేస్తే ఏ పార్టీ మేనిఫెస్టోకూ అర్థం ఉండదన్న వాదనలో బలం ఉంది.

గీత దాటినవారికి ఏమైంది

2007లో బిల్ కేసీ, నోవా స్కోషియాకు అట్లాంటిక్ ఒప్పందం కింద రావలసిన చమురు, గ్యాస్ ఆదాయానికి గండి పడుతోందని సొంత హార్పర్ ప్రభుత్వ బడ్జెట్‌కు వ్యతిరేకంగా ఓటేశారు. వెంటనే పార్టీ బహిష్కరించింది. మరుసటి ఏడాది స్వతంత్రుడిగా నిలబడితే మూడింట రెండొంతులకు పైగా ఓట్లు వచ్చాయి. అంతకు దశాబ్దం ముందు, జీఎస్టీని రద్దు చేస్తామన్న మాట తప్పారని 1996 లిబరల్ బడ్జెట్‌ను ధిక్కరించి బయటపడ్డ జాన్ నన్జియాటా కూడా 1997లో టొరంటోలో స్వతంత్రుడిగా గెలిచారు.

2019 ఉదంతం మరింత సంక్లిష్టం. ఎస్‌ఎన్‌సీ–లావలిన్ కంపెనీపై క్రిమినల్ కేసు విషయంలో ప్రధాని కార్యాలయం తనపై ఒత్తిడి తెచ్చిందని అటార్నీ జనరల్‌గా పనిచేసిన జోడీ విల్సన్–రేబౌల్డ్ ఆరోపించారు. ఆమెకు సంఘీభావంగా మంత్రి జేన్ ఫిల్‌పాట్ రాజీనామా చేశారు. ఏప్రిల్ 2న ప్రధాని ట్రూడో ఇద్దరినీ పక్షం నుంచి బహిష్కరించారు. పక్షంలో ఓటింగ్ జరపకుండా నాయకుడు ఒక్కడే బహిష్కరించవచ్చా అని ఫిల్‌పాట్ స్పీకర్‌ను అడిగితే, పక్షాల అంతర్గత వ్యవహారాలు తన పరిధిలోకి రావన్నది సమాధానం. అక్టోబరు ఎన్నికల్లో ఇద్దరూ స్వతంత్రులుగా నిలిచారు. వాంకూవర్‌లో విల్సన్–రేబౌల్డ్ గెలిచారు, మార్కమ్‌లో ఫిల్‌పాట్ ఓడారు. దేశం మొత్తంలో ఆ ఏడాది గెలిచిన స్వతంత్ర అభ్యర్థి ఒక్కరే. టికెట్ లేనివారి భవిష్యత్తు ఎలా ఉంటుందో ఎంపీలకు ఆ అంకె చాలు.

ఎన్నుకున్నవారు వేరు, దించేవారు వేరు

1919 వరకు కెనడాలో పార్టీ నాయకుడిని పార్లమెంటరీ పక్షమే తేల్చేది. ఆ ఏడాది లిబరల్ మహాసభ ప్రతినిధులు ఓటేసి మెకెంజీ కింగ్‌ను ఎన్నుకున్నారు. ఆ తరువాత కింగ్ చేతికి గొప్ప ఆయుధం దొరికింది. మహాసభ ఎన్నుకున్న నాయకుడిని పక్షం ఎలా దించగలదు? ఈ తర్కం ఒక శతాబ్దం పాటు నాయకులను కాపాడింది. నేడు నాయకుణ్ణి లక్షల మంది పార్టీ సభ్యులు ఎన్నుకుంటారు. ఆయనతో రోజూ పనిచేసే ఎంపీలకు దించే మార్గం సులువుగా లేదు.

ఈ చిక్కును విడదీయడానికే కన్సర్వేటివ్ ఎంపీ మైఖేల్ చాంగ్ సంస్కరణ బిల్లు తెచ్చారు. పక్షంలో 20 శాతం మంది లిఖితపూర్వకంగా కోరితే నాయకత్వంపై రహస్య ఓటింగ్ జరగాలి, మెజారిటీ వద్దంటే నాయకుడు దిగాలి. తొలి ముసాయిదాలో ఇలాంటి నియమం అందరికీ తప్పనిసరి. 2015లో చట్టమయ్యేనాటికి, ఈ నియమాలు కావాలో వద్దో ప్రతి ఎన్నికల తరువాత ప్రతి పక్షమూ ఓటేసి తేల్చుకోవాలని మార్చారు. కోరలు తీశారని అప్పట్లో విమర్శ వచ్చింది.

ఆ కోరలు 2022 ఫిబ్రవరి 2న కనిపించాయి. 2021 ఎన్నికల ఓటమి తరువాత ఈ నియమాలను స్వీకరించిన కన్సర్వేటివ్ పక్షం, రహస్య ఓటింగ్‌లో 73–45తో ఎరిన్ ఒటూల్‌ను దించింది. పార్టీ సభ్యులు ఎన్నుకున్న నాయకుడి కథను 118 మంది ఒక్క రోజులో ముగించారు.

లిబరల్‌లు ఆ నియమాలను స్వీకరించలేదు. దాని ఫలితం 2024లో చూడవచ్చు. జూన్‌లో కంచుకోట లాంటి టొరంటో–సెయింట్ పాల్స్ ఉప ఎన్నిక పోయింది. అక్టోబరులో 24 మంది ఎంపీలు ట్రూడో తప్పుకోవాలని లేఖ రాసి గడువు పెట్టారు. గడువు దాటింది, ఏమీ జరగలేదు, ఎందుకంటే జరగడానికి యంత్రాంగమే లేదు. డిసెంబరు 16న ఆర్థిక మంత్రి క్రిస్టియా ఫ్రీలాండ్, ఆర్థిక ప్రకటన చేయవలసిన రోజే రాజీనామా చేశారు. జనవరి 6న ట్రూడో వైదొలగుతున్నట్టు ప్రకటించారు. నియమం ఉన్న పార్టీలో ఒక్క రోజులో ముగిసినది, లేని పార్టీలో ఆరు నెలలకు పైగా ఈడ్చింది. ఇద్దరు నాయకులూ పోయారన్నది మాత్రం ఒక్కటే.

అంకెలు కాపాడవు

పార్టీ సభ్యులు వేసే నాయకత్వ సమీక్ష ఓటుకు కెనడాలో విచిత్రమైన చరిత్ర ఉంది. ఎంత శాతం వస్తే చాలన్నది ఎక్కడా స్థిరపడలేదు. 1983లో ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్ నాయకుడు జో క్లార్క్ 66.9 శాతం తెచ్చుకుని, అది చాలదని తానే నాయకత్వ పోటీ పెట్టి, బ్రయన్ మల్‌రోనీ చేతిలో ఓడిపోయారు. అల్బర్టా ప్రీమియర్ (ప్రావిన్సు ప్రభుత్వాధినేత) జేసన్ కెనీ, 50 శాతానికి ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా చాలని ముందు చెప్పి, 2022 మేలో 51.4 శాతం రాగానే దిగిపోతున్నానన్నారు. 2010 నవంబరులో బ్రిటిష్ కొలంబియా ఎన్‌డీపీ మండలిలో 84 శాతం మంది నాయకురాలు కేరొల్ జేమ్స్ వైపు నిలిచారు. ఆ సమావేశంలో విధేయులు పసుపుపచ్చ స్కార్ఫులు కట్టుకున్నారు. కట్టుకోని పదమూడు మంది ఎమ్మెల్యేలు ఎవరో అందరికీ ఇట్టే తెలిసిపోయింది. రెండు వారాలు తిరిగేసరికి ఆమె రాజీనామా చేశారు. కెబెక్‌లో పార్టీ కెబెక్వా నాయకురాలు పోలీన్ మారువాకు 2011 ఏప్రిల్‌లో 93 శాతం మద్దతు వస్తే, జూన్ తొలినాళ్లలోనే నలుగురు శాసనసభ్యులు పార్టీ వదిలారు. ఆమె తట్టుకుని నిలబడి, 2012లో ప్రీమియర్ అయ్యారు.

ఈ ఉదంతాల్లో నాయకుడిని కూల్చినది శాతం కన్నా, పక్కన కూర్చునే సహచరులు ఎందరు వదిలేశారన్నది. ప్రావిన్సు సభల్లో ఆ సహచరుల సంఖ్య చిన్నది. మానిటోబాలో మొత్తం 57 మంది, అల్బర్టాలో 87, బ్రిటిష్ కొలంబియాలో 93. పది మంది ఒక్కటైతే పునాది కదులుతుంది.

అల్బర్టా దీనికి పాఠశాల లాంటిది. 2014 డిసెంబరు 17న ప్రతిపక్ష వైల్డ్‌రోజ్ నాయకురాలు డేనియెల్ స్మిత్, మరో ఎనిమిది మందితో కలిసి అధికార ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్ పక్షంలోకి నడిచి వెళ్లారు. ప్రతిపక్ష నాయకురాలే ఫిరాయించడం ఎవరూ ఎరగనిది. 1971 నుంచి అధికారంలో ఉన్న పార్టీకి ఇక ఎదురు లేదనుకున్నారు. అయిదు నెలలకు ఓటర్లు ఎన్‌డీపీకి 54 స్థానాలిచ్చారు. దాటిన తొమ్మిది మందిలో ఒక్కరూ కొత్త సభలో లేరు. స్మిత్‌కు పార్టీ అభ్యర్థిత్వమే దక్కలేదు. వారు వదిలేసి వెళ్లిన వైల్డ్‌రోజ్ మాత్రం 21 స్థానాలతో బతికింది. తరువాత రెండు పార్టీలూ కలిసి యునైటెడ్ కన్సర్వేటివ్‌గా మారాయి. కెనీ నాయకత్వాన్ని ప్రశ్నించినందుకు 2021 మేలో టాడ్ లోవెన్ బహిష్కృతుడయ్యారు. మరుసటి ఏడాది కెనీ పోయి స్మిత్ ప్రీమియర్ అయ్యారు, లోవెన్ ఆమె మంత్రివర్గంలో చేరారు.

బ్రిటిష్ కొలంబియా (బీసీ) కథ దీన్ని మించినది. వాతావరణ మార్పుపై సందేహాలను ప్రచారం చేసినందుకు 2022 ఆగస్టులో బీసీ లిబరల్ నాయకుడు కెవిన్ ఫాల్కన్ జాన్ రస్టాడ్‌ను బహిష్కరించారు. రస్టాడ్ వెళ్లి చేరిన ప్రావిన్సు కన్సర్వేటివ్ పార్టీకి 2020 ఎన్నికల్లో 2 శాతం ఓట్లు కూడా రాలేదు. రెండేళ్లు తిరగకుండా లెక్క తారుమారైంది. పేరు మార్చుకున్న ఫాల్కన్ పార్టీ 2024 ఎన్నికల ముందు పోటీ నుంచే తప్పుకుని రస్టాడ్‌కు మద్దతిచ్చింది. రస్టాడ్ 44 స్థానాలతో అధికారం అంచుదాకా వెళ్లారు. ఇక ఆయన వంతు వచ్చింది. 2025 మార్చిలో ఒక ఎమ్మెల్యేను బహిష్కరిస్తే మరో ఇద్దరు వెంట వెళ్లారు. సెప్టెంబరు సమీక్షలో 70 శాతానికి పైగా మద్దతు తెచ్చుకున్నా వలస ఆగలేదు. డిసెంబరు 3న 20 మంది ఎమ్మెల్యేలు విశ్వాసం లేదన్నారు. దిగనన్న రస్టాడ్ మర్నాడు దిగిపోయారు. బహిష్కరణతో మొదలైన ప్రయాణం అదే రకం తిరుగుబాటు దగ్గర ఆగింది.

ఒకే పేరు, వేర్వేరు ఇళ్లు

ఫెడరల్ పార్టీ, అదే పేరున్న ప్రావిన్సు పార్టీ ఒకటేనని అనుకుంటే కెనడా వార్తలు అర్థం కావు. కెబెక్ లిబరల్‌లకూ ఒట్టావా లిబరల్‌లకూ సంస్థాగత బంధం లేదు. ఫెడరల్ ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్ నాయకుడిగా ఉన్న జాన్ షారే 1998లో కెబెక్ లిబరల్ నాయకుడై, తరువాత ప్రీమియర్ అయ్యారు. ఆయన మంత్రివర్గం నుంచి బయటికొచ్చిన టామస్ మల్కేర్ ఫెడరల్ ఎన్‌డీపీ నాయకుడయ్యారు. అక్కడ దీన్ని ఫిరాయింపుగా ఎవరూ లెక్కపెట్టలేదు.

న్యూఫౌండ్‌లాండ్ ప్రీమియర్ డానీ విలియమ్స్ ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్. 2008 ఫెడరల్ ఎన్నికల్లో ‘కన్సర్వేటివ్‌లకు తప్ప ఎవరికైనా ఓటేయండి’ అని హార్పర్‌పై ప్రచారం చేసి, ఆ ప్రావిన్సులో హార్పర్‌కు ఒక్క సీటూ రాకుండా చూశారు. చాలా ప్రావిన్సుల్లో ఒకే సభ్యత్వంతో రెండు స్థాయుల్లోనూ ఉండే ఎన్‌డీపీలోనూ శాంతి లేదు. 2018లో ట్రాన్స్ మౌంటెన్ పైపులైన్ వివాదంలో అల్బర్టా ఎన్‌డీపీ ప్రీమియర్ రేచెల్ నాట్లీ, బ్రిటిష్ కొలంబియా ఎన్‌డీపీ ప్రభుత్వంపై కోపంతో అక్కడి వైన్ కొనుగోళ్లనే కొన్ని వారాలు నిలిపేశారు. ప్రావిన్సు ప్రయోజనం ముందు పార్టీ కార్డు నిలవదు. ఫెడరల్ సభలో అణిగి ఉండే అసమ్మతికి ఇది ఒక రకమైన బయటి దారి. సొంత ఎంపీలు పలకలేనిది ప్రీమియర్లు పలుకుతారు.

ఒక్క ఓటు ఎంత దూరం పోతుంది

1986లో మానిటోబాలోని సెయింట్ వైటల్‌లో ఎన్‌డీపీ అభ్యర్థిత్వం జిమ్ వాల్డింగ్‌కు ఒకే ఒక్క ఓటు తేడాతో దక్కింది. మాజీ స్పీకర్ అయిన ఆయనకు మంత్రి పదవి దక్కలేదు. 1988 మార్చి 8న, ప్రభుత్వ వాహన బీమా ధరలపై ప్రజలు మండిపడుతున్న వేళ, వాల్డింగ్ లేచి సొంత ప్రభుత్వ బడ్జెట్‌కు వ్యతిరేకంగా ఓటేశారు. 28–27తో హోవర్డ్ పాలీ ప్రభుత్వం పడిపోయింది. ఏప్రిల్ ఎన్నికల్లో ఎన్‌డీపీ 12 స్థానాలతో మూడో స్థానానికి జారింది, గ్యారీ ఫిల్మన్ మైనారిటీ ప్రభుత్వం వచ్చింది.

పాలీ అంతకు ముందు ఏడాదే మీచ్ లేక్ రాజ్యాంగ ఒప్పందంపై సంతకం చేసి ఉన్నారు. కెబెక్‌ను విశిష్ట సమాజంగా గుర్తించే ఆ ఒప్పందానికి 1990 జూన్ 23లోగా అన్ని ప్రావిన్సుల సభల ఆమోదం కావాలి. పాలీ పతనం నాటికి మానిటోబా సభ ఆమోదించలేదు, మైనారిటీ సభలో అది నలుగుతూ చివరి వారాలకు చేరింది. సాధారణ గడువులను పక్కనపెట్టి చర్చకు రావాలంటే సభ ఏకగ్రీవంగా ఒప్పుకోవాలి. మూలవాసులను పట్టించుకోని ఒప్పందమంటూ ఎన్‌డీపీ ఎమ్మెల్యే, ఓజీ-క్రీ జాతికి చెందిన ఎలైజా హార్పర్, చేతిలో గద్ద ఈకతో రోజుల తరబడి ‘కాదు’ అన్నారు. గడువు దాటింది, ఒప్పందం చచ్చింది.

ఆ వేడిలోనే, మేలో, ఒప్పందాన్ని నీరుగారుస్తున్నారని ప్రధాని మల్‌రోనీ మంత్రివర్గం నుంచి లూసియెన్ బూషార్ వైదొలిగారు. కన్సర్వేటివ్, లిబరల్ పక్షాల్ని వదిలిన కెబెక్ ఎంపీలను కూడగట్టి బ్లాక్ కెబెక్వా స్థాపించారు. 1993లో ఆ పార్టీ 54 స్థానాలతో అధికారిక ప్రతిపక్షమైంది, ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్‌లకు మిగిలినవి రెండు. 2025 నవంబరు 17న కార్నీ బడ్జెట్‌కు ఎదురుగా పడిన 168 ఓట్లలో 22 బ్లాక్ కెబెక్వావి.